కృష్ణా బేసిన్: వాన లెక్క వేరు, నీటి లెక్క వేరు

2023 సెప్టెంబరు ఆఖరున నైరుతి రుతుపవనాల లెక్క తేల్చినప్పుడు తెలంగాణలో వర్షపాతం లోటు లేదు. కాగితం మీద చూస్తే మంచి ఏడాదే. కానీ ఆ ఏడాది శ్రీశైలం జలాశయం నిండలేదు. నాగార్జునసాగర్ పరిస్థితి అంతకన్నా కనాకష్టం. నవంబరు 30 తెల్లవారుజామున సాగర్ డ్యాం మీద సగం గేట్లను ఆంధ్రప్రదేశ్ పోలీసులు అధీనంలోకి తీసుకోవడం, రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించడం అందరూ టీవీల్లో చూశారు. వానలు బాగానే పడ్డ ఏడాది నీళ్ల కోసం డ్యాం మీద ముళ్లకంచె ఎందుకు పడింది?

ఆ ఏడు వాన ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో చూస్తే జవాబు దొరుకుతుంది. జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అదంతా గోదావరిలోకి పోయే నీరు. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో 1901 నుంచి ఎన్నడూ లేనంత తక్కువ వాన దేశం మొత్తం మీద నమోదైంది. కృష్ణకు ప్రాణం పోసే నెలల్లో ఆగస్టు ఒకటి. గోదావరి వైపు మిగులు, కృష్ణ వైపు తరుగు కలిపి సగటు కట్టేసరికి రాష్ట్రానికి ‘సాధారణం’ అనే ముద్ర పడింది. దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ పరిభాషలో అది సాధారణమే. పంటల బీమాకో, పత్రికా ప్రకటనకో ఆ మాట సరిపోతుందేమో గానీ, నదిలో నీళ్లెన్ని ఉంటాయో చెప్పడానికి అది దాదాపు పనికిరాదు.

కొండకు ఇటూ అటూ

కృష్ణ మహాబలేశ్వరం దగ్గర సుమారు 1,337 మీటర్ల ఎత్తున పుడుతుంది. అరేబియా సముద్రం అక్కడికి 64 కిలోమీటర్ల దూరమే. అయినా అటు తిరగకుండా తూర్పుకు సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో నీళ్లు పోగుచేసుకునే నేల 2,58,948 చదరపు కిలోమీటర్లు. ఈ మొత్తం మీద ఏడాది సగటు వాన 784 మిల్లీమీటర్లు.

ఈ 784 అనే అంకె ఉన్న ఊరు వెతికితే దొరకొచ్చు గానీ, నదిని నింపే ఊరు అది కాదు. మహాబలేశ్వరంలో ఏటా ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు ఒక ముప్ఫై కిలోమీటర్లు దిగి వాయి చేరేసరికి అది వెయ్యి లోపు పడిపోతుంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బు పడమటి కనుమలకు కొట్టుకుని ఎత్తుకు లేచి, తన బరువంతా అక్కడే దించేసుకుని, అవతలి వైపుకు వట్టి గాలిగా దిగుతుంది. అక్కడి నుంచి మొదలయ్యే వానచాటు ప్రాంతం షోలాపూర్, విజయపుర, రాయచూరు, బళ్లారి మీదుగా కర్నూలు, అనంతపురం దాకా పరుచుకుని ఉంది. 2021 జూలై 22-23 తేదీల్లో 24 గంటల వ్యవధిలో మహాబలేశ్వరంలో 594 మిల్లీమీటర్లు పడింది. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తం మీద పడేది 550 దరిదాపు. ఒకే నది పరీవాహకంలో ఒక కొసన ఒక రోజు వాన, ఇంకో కొసన ఒక ఏడాది వానను మించిపోయింది.

అందుకే కృష్ణకు నీళ్లు పంపేది చాలావరకు ఒక సన్నని పట్టీ. కోయ్నా, వార్ణా, పంచగంగ, దూధ్‌గంగ, ఘటప్రభ, మలప్రభ, భీమ పైపాయలు, తుంగ, భద్ర అన్నీ ఆ కొండల్లో పుట్టినవే. జూరాల గేట్లు ఎప్పుడు ఎత్తుతారని అడిగితే మహబూబ్‌నగర్ ఆకాశం కేసి చూడటం దండగ. సతారా, కొల్హాపూర్, బెళగావి, శివమొగ్గ జిల్లాల వర్షపాతం చూడాలి. ఆ పట్టీలో పడ్డ నీరూ మొత్తం తూర్పుకు రాదు. కోయ్నా జలవిద్యుత్ కేంద్రం కోసం 67.5 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), భీమ పైభాగంలోని టాటా విద్యుత్ కేంద్రాల కోసం 42.6 టీఎంసీలు కొండకు పడమటి వైపు వదులుకోవడానికి కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ అనుమతించింది. బేసిన్‌లో అత్యంత ధారాళంగా వాన పడే చోటు నుంచే వంద టీఎంసీల పైచిలుకు బేసిన్ దాటి అరేబియా సముద్రం వైపు వెళ్తోంది.

కొండ దగ్గరి ఒడ్డుకూ లోపలి నేలకూ తేడా ఎంతో 2016 వేసవి చూపించింది. ఆ ఏప్రిల్‌లో తాగునీటికి కటకటలాడిన లాతూరుకు రైలు వ్యాగన్లలో నీళ్లు పంపింది కృష్ణ ఒడ్డునే ఉన్న మిరజ్ నుంచి.

నేల తన వాటా తీసుకున్నాకే

784 మిల్లీమీటర్ల వానను బేసిన్ వైశాల్యంతో హెచ్చవేస్తే దాదాపు 7,170 టీఎంసీలు వస్తాయి. నదిలో సగటున పారేది 2,578 టీఎంసీలని రెండో కృష్ణా ట్రైబ్యునల్ (బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్) తేల్చింది. అంటే ఆకాశం నుంచి దిగిన ప్రతి మూడు చుక్కల్లో నదికి చేరేది సుమారు ఒకటి. మిగతా రెండూ మట్టిలో, చెట్టులో, పంటలో, ఆవిరిలో కలుస్తాయి. దీన్ని నష్టం అనడం తప్పు. బేసిన్‌లో వర్షాధార సేద్యం మొత్తం నడిచేది ఆ రెండు చుక్కల మీదే.

ఒక ఎకరం మీద పది మిల్లీమీటర్ల వాన పడితే అది 40 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వినడానికి బోలెడు. కానీ జూన్ మొదట్లో, దుక్కి దున్ని పెట్టిన చేలో, ఆ ఎనిమిది ట్యాంకర్లూ గట్టు దాటకుండానే ఇంకిపోతాయి. వాగులో చెమ్మ కూడా కనిపించదు. ఎండాకాలమంతా నోరు తెరుచుకున్న నల్లరేగడి అయితే ఇంకా ఆబగా తాగుతుంది. మొదటి రెండు మూడు వానలు నెర్రెల్లోకే పోతాయి. అదే నేల ఆగస్టులో తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక, ఇంకే దారి లేక మీద పడ్డ నీటిలో ఎక్కువ భాగాన్ని పల్లానికి తోసేస్తుంది. ఎర్రచెలకలది ఇంకో తంతు. నీరు త్వరగా పీల్చుకుంటాయి, కానీ పెద్ద చినుకుల వాన దంచితే పైపొర అట్టకట్టి నీరు జారిపోతుంది. కాబట్టి ఒకే ఊళ్లో అదే పది మిల్లీమీటర్లు జూన్‌లో నదికి సున్నా, సెప్టెంబరులో నదికి చెప్పుకోదగ్గ రాబడి.

దీన్నుంచే ఇంకో చిక్కు పుడుతుంది. వాన కొంచెం తగ్గితే నది ఎక్కువ తగ్గుతుంది. ఉదాహరణకు ఒక పల్లపు ప్రాంతంలో 700 మిల్లీమీటర్లు కురిసి, నేలా పైరూ 550 తీసుకుని, 150 వాగుకు వదిలాయనుకుందాం. వాన ఇరవై శాతం తగ్గి 560 పడితే నేల అవసరం అంతే ఉంటుంది. వాగుకు మిగిలేది పది. నిజంలో లెక్క ఇంత ముక్కుసూటిగా ఉండదు, ఒకట్రెండు జడివానలు పడి కొంత పారిస్తాయి. కానీ దిశ అదే. వర్షపాతంలో పదిహేను శాతం లోటు ‘సాధారణం’ గడిలోనే ఉంటుంది, ప్రాజెక్టులో మాత్రం కరువు కనిపిస్తుంది. ఎగువ కొండల్లో ఈ బెడద తక్కువ. అక్కడ మూడు వేలు పడే చోట ఐదు వందలు తగ్గినా నేల కడుపు నిండి మిగులుతుంది. వానచాటు నేలల్లోనే ఇది ప్రాణాంతకం.

నూట ఇరవై మిల్లీమీటర్లు పన్నెండు రోజులు ముసురుగా పడితే చేను సంతోషిస్తుంది, బోరు ఊరుతుంది, చెరువు అలాగే ఉంటుంది. అదే నూట ఇరవై ఒక్క సాయంత్రం కుండపోతగా పడితే చెరువు అలుగు పారుతుంది, నదికి వరద వస్తుంది, చేలో మొక్క కుళ్లుతుంది, బోరుకు అందేది కొద్దిగానే. తెలంగాణ, రాయలసీమల్లో నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. పైన కొన్ని మీటర్ల మేర చితికిన పొర, కింద పగుళ్లు, అంతే. పడ్డ వానలో పదో వంతు భూగర్భానికి చేరినా గొప్పే. ఆ చేరేది కూడా నిదానంగా, నిలిచి ఇంకితేనే. చేనుకు మంచి వాన, చెరువుకు మంచి వాన, బోరుకు మంచి వాన మూడూ ఒకటి కావు. ‘మంచి వానలు’ అనే మాట వాడేవాళ్లు ఎవరికి మంచివో కూడా చెబితే బాగుంటుంది.

ఇక్కడి పాత చెరువుల వరస కట్టుకున్నది ఈ తేడాలను సర్దడానికే. పై చెరువు అలుగు కింది చెరువుకు, దాని అలుగు ఇంకో చెరువుకు. కుండపోతను ఊరూరా ఆపి, తూము ద్వారా నిదానంగా వదిలి, మధ్యలో ఇంకనిచ్చి, ఒక రాత్రి వాన నాలుగు నెలల నీరుగా మారేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణ లెక్కగట్టిన చెరువులు 46 వేలకు పైగా. పూడిక తీస్తే చెరువు సామర్థ్యం పెరుగుతుంది. చెరువుకు నీరు తెచ్చే వాగు మీద వెంచరు వేస్తే మాత్రం ఎంత పూడిక తీసినా ప్రయోజనం ఉండదు.

హైదరాబాద్ జంట జలాశయాలది ఇదే కథ. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచాక, వరదను ఆపడానికీ తాగునీటికీ ఉస్మాన్‌సాగర్‌ను 1920లో, హిమాయత్‌సాగర్‌ను 1927లో పూర్తిచేశారు. దశాబ్దాలు గడిచేకొద్దీ వాటి పైభాగంలో వాన పెద్దగా మారకపోయినా జలాశయాలకు వచ్చే నీరు తగ్గుతూ వచ్చింది. పొలాల్లో బోర్లు, వాగుల మీద చెక్‌డ్యాంలు, గట్లు, తర్వాత ఇళ్లు, రోడ్లు. పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలకు పగ్గాలు వేస్తూ 1996లో 111 నంబరు జీవో తెచ్చింది ఆ భయంతోనే. వాన రికార్డు ఒకటే చూసి నీటి లభ్యత చెప్పడం ఎంత అమాయకత్వమో మూసీ పైభాగం వందేళ్ల అనుభవం చెబుతోంది.

కుండపోత తెచ్చేది నీరొక్కటే కాదు, మట్టి కూడా. శ్రీశైలం మొదటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు 215.8. సాగర్ 408 నుంచి 312కు దిగింది. తుంగభద్ర 132 పైచిలుకు నుంచి 105 పైచిలుకుకు. ఈ మూడింటిలో పూడికకు పోయిన జాగా కలిపితే 215 టీఎంసీలు, అచ్చంగా నేటి శ్రీశైలమంత. ఒక్కసారిగా వచ్చే వరదలను పట్టుకునే తావు తగ్గుతున్న సమయంలోనే వానలు ఒక్కసారిగా పడే తీరు పెరుగుతోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల నాయకత్వంలో 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలయ్యాయి.

వరుసలో చివర నిలబడ్డవాళ్లు

కోయ్నా, ఆల్మట్టి, నారాయణపూర్, ఉజ్జని, తుంగభద్ర, జూరాల. ఆ తర్వాత శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. జూలైలో తెలుగు పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఈ వరుసే: ఆల్మట్టి నిండింది, నారాయణపూర్ గేట్లెత్తారు, జూరాలకు ఇన్‌ఫ్లో మొదలైంది. పైన నిండితే గానీ కిందికి రాదు. ఆల్మట్టి వంటివి కట్టకముందు జూన్ ఆఖరు, జూలై మొదట్లోనే కొత్తనీరు కిందికి దిగేది. ఇప్పుడు జూలై మధ్యో ఆఖరో దాటితే గానీ నమ్మకం లేదు. కనుమల్లో వాన ఆలస్యంగా మొదలైతే ఆగస్టు. వాన పది రోజులు జారితే డెల్టాకు నీరు నెల రోజులు జారుతుంది.

దీని దెబ్బ తగిలేది నారుమళ్లకు. కృష్ణా డెల్టా రైతుకు జూన్‌లో నీరు కావాలి. జూన్‌లో నారు పోసి, జూలైలో ఊడ్చుకుంటే నవంబరు తుపానులకు ముందే కోత గట్టెక్కుతుంది. ఆగస్టులో నాటితే పంట ఈనికమీద ఉన్నప్పుడో, పనల మీద ఉన్నప్పుడో తుపాను. ఇక్కడ కొరత మొత్తం టీఎంసీలది కాదు, తేదీలది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలుపెట్టి గోదావరి నీటిని పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణకు తెచ్చింది సరిగ్గా ఈ ఖాళీ పూడ్చడానికే. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పోతాయి. ఆ దారి గోదావరిది. దాని వరద జూలైలోనే, మధ్యలో పెద్ద ఆనకట్టల అడ్డు లేకుండా ధవళేశ్వరం చేరుతుంది. రెండు నదుల వాన గడియారాలు వేరు కావడం వల్లే ఆ పథకానికి అర్థం ఉంది. రెండు నదులూ ఒకే వారం పొంగేటట్టయితే పంపులకు పని ఉండేది కాదు.

వరుసలో చివర ఉన్నవాళ్లకు మరో రకం లెక్క కూడా తప్పదు, వరద రోజుల లెక్క. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. పెద్ద ఏడాదిలో శ్రీశైలానికి నాలుగైదు లక్షల క్యూసెక్కులు వరుసగా వచ్చే రోజులు ఉంటాయి, వాటి తర్వాత ఏమీ రాని నెలలు ఉంటాయి. అందుకే రాయలసీమ, పాలమూరు పథకాల రూపురేఖలు వాన తీరును బట్టే గీశారు. హంద్రీ-నీవా 3,850 క్యూసెక్కుల చొప్పున 120 రోజులు తోడితే 40 టీఎంసీలు. పాలమూరు-రంగారెడ్డికి 2015లో అనుమతి ఇచ్చినప్పుడు 60 రోజుల్లో 90 టీఎంసీలు, అంటే రోజుకు ఒకటిన్నర. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్‌ను 11,150 నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచింది కూడా, వరద ఉన్న కొద్ది రోజుల్లోనే తీసుకోవాలన్న ఆత్రంతోనే.

ఈ పథకాలకు అసలు ముప్పు మొత్తం వాన తగ్గడం కాదు, వరద రోజులు తగ్గడం. సీజన్ మొత్తంలో వచ్చే నీరు అంతే ఉండి, అది వంద రోజులకు బదులు పాతిక రోజుల్లో వచ్చి పోతే, 3,850 క్యూసెక్కుల పంపు ఆ పాతిక రోజుల్లో తోడగలిగేది ఎనిమిది టీఎంసీల పైచిలుకు. జలాశయంలో మట్టం నిలిచినన్నాళ్లు ఇంకొంత తీసుకోవచ్చు, నిజమే. కానీ ఆ మట్టం మీద విద్యుదుత్పత్తికీ, సాగర్‌కూ, చెన్నై తాగునీటికీ కూడా కళ్లున్నాయి. మిగిలింది సముద్రానికి. 2020-21, 2022-23లలో ప్రకాశం బ్యారేజీ నుంచి వెయ్యి టీఎంసీలకు పైగా సముద్రంలో కలిసింది. 2023-24లో మళ్లీ మొదటి పేరాలో చెప్పుకున్న గోల. సముద్రంలోకి ‘వృథాగా’ పోయిందని లెక్కలు చెప్పే నాయకులు ఎన్ని రోజుల్లో పోయిందో చెప్పరు. ఆ రోజుల సంఖ్య తెలియకుండా ఏ కాలువ ఎంత వెడల్పు ఉండాలో తేలదు.

ఎండిన నడుము నుంచి వరద

బేసిన్‌లో నీళ్లివ్వని భాగంగా పేరుబడ్డ వానచాటు ప్రాంతమే చరిత్రలో పెద్ద వరదల్లో ఒకదాన్ని పంపింది. 2009 దేశానికి కరువు సంవత్సరం. నైరుతి వానలు 22 శాతం లోటు. ఆగస్టులో పంటలు ఎండిన జిల్లాల మీద, సెప్టెంబరు ఆఖరున, హస్త కార్తెలో, వాయుగుండం వచ్చి కూర్చుంది. ఉత్తర కర్ణాటక, కర్నూలు, మహబూబ్‌నగర్‌ల మీద మూడు నాలుగు రోజులు తెరిపి ఇవ్వకుండా కురిసింది. కనుమల్లో పడ్డ వానను ఆపడానికి కోయ్నా, ఆల్మట్టి, తుంగభద్ర ఉన్నాయి. వాటికి దిగువన, శ్రీశైలానికి ఎగువన పడ్డ వానను ఆపడానికి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. జూరాల సామర్థ్యం 9.66 టీఎంసీలు. తుంగభద్ర, హంద్రి ఒక్కసారిగా పొంగి కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 885 అడుగుల పూర్తి మట్టం ఉన్న జలాశయంలో నీరు 896 అడుగుల పైకి ఎక్కింది. డ్యాం నిలవడం అదృష్టమే అనుకోవాలి.

సీజన్ ఆఖరులో జలాశయాన్ని నిండుగా ఉంచుకోవాలా, వరద కోసం జాగా వదలాలా అన్నది ఇంజినీర్లకు ఏటా ఎదురయ్యే సందిగ్ధం. సెప్టెంబరు ఆఖరు అంటే రుతుపవనాల తిరుగుముఖం, ఇక రాదేమోనని నింపి ఉంచుకోవడమే ఆనవాయితీ. ఖాళీ చేసి ఉంచాక వాన రాకపోతే రబీ పోతుంది, ఆ మాట ఎమ్మెల్యే నుంచి ముఖ్యమంత్రి దాకా అందరూ అడుగుతారు. నిండుగా ఉంచాక హస్తలో వాయుగుండం వస్తే కర్నూలు. ఈ రెండు ప్రమాదాలనూ తూచడానికి 15 రోజుల ముందస్తు వాన అంచనాలు, ఉపనది వారీగా ప్రవాహ నమూనాలు కావాలి. పాత మట్టాల పట్టిక ఒక్కటే చేతిలో పెట్టుకుని చేసే పని కాదిది.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో జరిగింది ఇంకో రకం పాఠం. ఈసారి వాన శ్రీశైలానికీ సాగర్‌కూ కూడా దిగువన పడింది. ఆగస్టు 31 రాత్రి తీరం దాటిన వాయుగుండం ఖమ్మం, ఎన్టీఆర్ జిల్లాలను ముంచెత్తింది. మున్నేరు ఖమ్మం పట్టణాన్ని ముంచి, పులిచింతల కింద కృష్ణలో కలిసింది. పై నుంచి వస్తున్న వరదకు అది తోడై ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. 2009లో నమోదైన 11.10 లక్షల కన్నా ఎక్కువ. బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీల పైచిలుకు. ఆ ప్రవాహానికి ఖాళీ బ్యారేజీ ముప్పావుగంటలో నిండుతుంది. అంటే అక్కడ ఆపేది ఏమీ లేదు, దారి ఇవ్వడమే. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు, ఆ కాలువ కలవాల్సిన కృష్ణే నిండుగా ఉంది. రెండు వేర్వేరు వానలు ఒకే రోజు ఒకే చోట కలిస్తే డ్యాములు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదని తేలింది, ఎందుకంటే డ్యాములన్నీ పైనే ఉన్నాయి.

అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. తాత్కాలిక గేటు దించడానికి పదుల టీఎంసీలు కిందికి వదలాల్సి వచ్చింది. తర్వాత వానలు పడి డ్యాం మళ్లీ నిండింది. అదే ప్రమాదం 2023 ఆగస్టులో జరిగి ఉంటే నాలుగు జిల్లాల పంట పోయేది.

ఒక అంకె మీద నిలబడ్డ పంపకాలు

ఇంత గజిబిజి వానను పంచుకోవడానికి మూడు రాష్ట్రాలు, ఇప్పుడు నాలుగు, ఒక్కో అంకె పట్టుకుని దశాబ్దాలుగా వాదిస్తున్నాయి. 1969లో ఏర్పడ్డ బచావత్ ట్రైబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, నాలుగేళ్లలో మూడేళ్లు కచ్చితంగా వచ్చేది, అంటే 75 శాతం విశ్వసనీయతతో దొరికేది 2,060 టీఎంసీలంది. వాడుకోగా తిరిగి నదిలో కలిసే 70 టీఎంసీలు కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ వాటాలోంచే శ్రీశైలం ఆవిరికి 33, సాగర్ ఆవిరికి 17 టీఎంసీలు పోయాయి. మిగులు వచ్చినప్పుడు వాడుకునే స్వేచ్ఛ దిగువ రాష్ట్రానికి ఇచ్చింది, హక్కు మాత్రం ఇవ్వలేదు. తక్కువ నీరు వచ్చే ఏళ్ల కోసం శ్రీశైలం, సాగర్‌లలో 150 టీఎంసీలు నిల్వ ఉంచుకోవచ్చంది. ఈ చివరి రెండూ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, ఏడాదికీ ఏడాదికీ వాన మారుతుందన్న స్పృహ ఆ తీర్పులో కనిపించేది ఇక్కడే. తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు అన్నీ ఆ మిగులు స్వేచ్ఛ మీద కట్టినవే.

2004లో ఏర్పడ్డ బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ ఆ స్వేచ్ఛను లెక్కలోకి లాగింది. 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుని, 65 శాతం విశ్వసనీయతతో 2,293, సగటున 2,578 టీఎంసీలంది. పాత 2,130 పైన ఉన్న 448 టీఎంసీలను సగటు దాకా మొత్తం పంచేసింది. 2013 నాటి తుది రూపంలో మహారాష్ట్రకు 666, కర్ణాటకకు 907, ఆంధ్రప్రదేశ్‌కు 1,005. సుప్రీంకోర్టు ఆపడంతో అది గెజిట్‌కెక్కలేదు. అంకెల మాట అటుంచి, అందులోని మెలిక చూడాలి. సగటు అన్నాక దాదాపు సగం ఏళ్లు దానికి లోపే ఉంటాయి. సగటు దాకా పంచేస్తే, ఆ సగం ఏళ్లలో లోటు ఎవరిది? ఎగువన ముందు నిండుతుంది కాబట్టి లోటు దానంతటదే కిందికి జారుతుంది. 75 శాతానికి పంచినప్పుడు దిగువ రాష్ట్రం నాలుగేళ్లకోసారి కష్టపడేది. సగటుకు పంచితే రెండేళ్లకోసారి. కాగితం మీద 811 కాస్తా 1,005 అయినా, కాలువ చివరి భూముల్లో నిలిచే నమ్మకం తగ్గుతుంది.

2014 తర్వాత 811లో 512, 299 అని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2015లో జరిగిన తాత్కాలిక సర్దుబాటు మీద గొడవ తెగలేదు. 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విచారణాంశాలు ఇచ్చి ఆ పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కే అప్పగించింది. అక్కడ వాదనలన్నీ ఏ ప్రాజెక్టుకు ఎన్ని టీఎంసీలన్న దాని చుట్టూ తిరుగుతున్నాయి. లోటు ఏడాది ఆగస్టు 15 నాటికి శ్రీశైలంలో ఇంత మట్టమే ఉంటే ఎవరు ఎంత తగ్గించుకోవాలి, వరద ఇన్ని రోజులే ఉంటే ముందు ఏ కాలువ తెరవాలి అన్న సూత్రాలు రాసుకోకపోతే, అంకె ఏదైనా నవంబరులో డ్యాం మీద పోలీసులే తేల్చాల్సి వస్తుంది. ట్రైబ్యునల్ ఆధారపడ్డ ప్రవాహాల పట్టిక 2007-08తో ఆగిపోయింది. 2009 కర్నూలు వరద, 2015 కరువు, 2020-21లో సముద్రంలో కలిసిన వెయ్యి టీఎంసీలు, 2023 ఆగస్టు బెట్ట, 2024 విజయవాడ వరద అన్నీ ఆ పట్టిక ముగిశాక వచ్చినవే.